పెరుగన్నానికి వందకు వంద

ఆష్‌బర్న్, మంగళవారం

నలభై మూడేళ్ల వయసులో సైకాలజీ క్లాసు చేత చప్పట్లు కొట్టించుకున్నాను. ప్రెజెంటేషన్‌లో తోటి విద్యార్థులందరూ స్లైడ్లు చూసి చదివారు. నేను మాత్రం మా చిన్నూ ఫోన్ లేనిదే పెరుగన్నం ఎందుకు తినడో చెప్పాను. మనోవిశ్లేషణ వాళ్లు వాడికి పాలు మాన్పించిన రోజుల్లోకి వెళ్తారు, ప్రవర్తనావాదులు ముద్దకో స్టిక్కర్ ఇస్తారు, మానవతావాదులు ముందు వాడి మాట వినమంటారు అన్నాను. ప్రొఫెసర్ వందకు వంద వేసింది.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే చిన్నూ ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"నాకు పెరుగు నచ్చదు అమ్మా. ఫోన్ చూస్తే టేస్ట్ తెలీదు. నువ్వు ఎప్పుడూ అడగలేదు."

ఇన్నేళ్లూ వాడికి ఇంకేమేం నచ్చలేదో...

రేపు పప్పన్నం పెడతాను. మార్కులు మాత్రం వెనక్కివ్వను.