పరేషానాసురుడి గొర్రెపిల్ల

జనగామ,
ఆదివారం

ప్రియమైన శ్రీలతకు,

ఫోన్ చేస్తే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. జనాన్ని నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, నీ నవ్వుకు భయపడాల్సి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఈర్ష్య అనే మాటకు ఇంతకంటే మర్యాదైన పేరు దొరకలేదు.

నా సంగతి నీకు తెలుసు. పిల్లల పత్రికల్లో రాక్షసుల మీద తమాషా కథలు రాసుకుంటూ మొదలైనవాణ్ణి. మూడు పుస్తకాలు వచ్చినా సభల్లో నాకు చివరి కుర్చీయే. కన్నీళ్ల కథలు రాసేవాళ్లకు శాలువా కప్పుతుంటే పక్కన నిలబడి చప్పట్లు కొడతాను, లోపల కుతకుతలాడతాను. అదంతా ఓర్చుకున్నది పరేషానాసురుడి ధైర్యంతోనే. ప్రాణమంతా ఒక గొర్రెపిల్లలో దాచిపెట్టుకుని, దాన్ని తోడేలు ఎత్తుకుపోతుందేమోనని, దసరాకు ఎవరైనా కోసుకుతింటారేమోనని, కొండంత ఒళ్లేసుకుని దాని వెనకాల తిరిగే పిరికి రాక్షసుడు. వాడొక్కడే నా ఆస్తి అనుకున్నాను.

మొన్న మహబూబాబాద్‌లో ఒక బడికి పిలిస్తే వెళ్లి ఆ కథే చదివాను. సగంలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, గిది మా పెద్దవంగర పోశాలు తాత చెప్పే కథ. మీరు ఆయన దగ్గర ఇని రాసిన్రా?" అంది. టీచర్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆ పిల్ల వెటకారంగా అడిగి ఉంటే బాగుండేది. పాపం, నిజంగానే అడిగింది.

ఊరుకోలేక పెద్దవంగర వెళ్లాను. పోశాలు ఒగ్గుకథ చెబుతాడు. ఎవరింట్లోనో మల్లన్న పూజకు పట్నాల ముగ్గులు వేస్తుంటే, పొద్దున్నే డోలు కొట్టించుకుంటూ నిలబడ్డాడు. కుడికాలు కొద్దిగా ఈడుస్తున్నాడు. మల్లన్న కథ మధ్యలో, జనం కునుకు తీయకుండా చెప్పే పిట్టకథగా నా రాక్షసుణ్ణి దింపాడు. ముందుగా ఏమన్నాడో తెలుసా? "గిది నా ముచ్చట గాదు. ఎవరో ఒకాయన తన బిడ్డకు బువ్వ తినిపిచ్చుకుంట చెప్పిండట" అన్నాడు. ఏళ్లకేళ్లు కూర్చుని రాసినవాణ్ణి నేను. పేరు మాత్రం ఎవడో అన్నం తినిపించేవాడికి పోయింది. మొహమైనా తెలియని ఆ మనిషి మీద కూడా నాకు మంటే.

అంతటితో అయినా బాగుండేది. రాజకుమారుడు కత్తి ఎత్తిన ఘట్టం గుర్తుందా? నా పుస్తకంలో రాక్షసుడు పరుగెత్తి గడ్డివాములో దూరతాడు. పోశాలు రాక్షసుడు కదలడు. గొర్రెపిల్ల మెడ మీద చెయ్యేసి, "నన్ను సంపేదుంటే సంపు బిడ్డా. గని జర దీన్ని పొద్దుగూకేదాక మేపు. పొద్దటిసంది దీని కడుపు నిండలె" అంటాడు. జనం గొల్లున నవ్వారు. నా ముందు కూర్చున్న ముసలమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

శ్రీలతా, ఆ మాట నా పుస్తకంలో లేదు. నా కథ మొత్తానికి ఇంత మంచి మాట లేదు. దొంగిలించి ఉంటే పోట్లాడేవాణ్ణి. నాకంటే బాగా చెప్పినవాడితో ఏమని పోట్లాడను? పలకరించకుండానే బస్సెక్కాను.

అందుకే నాలుగో పుస్తకంలో వాణ్ణి చంపేశాను. గొర్రెపిల్ల దసరా నాడు పోతుంది, దాంతో వాడూ పోతాడు. గురువారం ప్రచురణకర్తకు ఇచ్చేస్తాను. ఎవరెంత బాగా చెప్పుకున్నా వాడి చావు మాత్రం నా చేతిలోది. మన హర్షిణికి అప్పుడే చెప్పకు.

నీ
యుగేందర్

భూపాలపల్లి,
మంగళవారం

హర్షిణి బాపుకు,

నవ్వలేదు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నీ ఉత్తరం చదివాను.

పోశాలుకు ఆ కథ చెప్పింది నేనే. పోయిన వానాకాలం ఇటువైపు కథ చెప్పడానికి వచ్చి, కాలు విరిగి మా దవాఖానలో, నా వార్డులోనే ఉన్నాడు. నొప్పికి ఓర్చుకోలేక పక్క మంచాలవాళ్లను కూడా పడుకోనిచ్చేవాడు కాదు. కట్టు మారుస్తూ మాటల్లో పెడదామని మొదలుపెట్టాను. కత్తి ఎత్తిన దగ్గర, "ఆ మాట మల్లొక్కసారి చెప్పు సిస్టరమ్మా" అని చెప్పించుకున్నాడు.

ఆ మాట నీది. హర్షిణికి నాలుగేళ్లప్పుడు, జనగామ ఇంట్లో, అది అన్నం తినక మారాం చేస్తుంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని నువ్వే అన్నావు. అది నోరు తెరిచి వింటుంటే ముద్ద పెట్టావు. పుస్తకం వేసేటప్పుడు, ఇది ఏడుపుగొట్టు మాట, హాస్యానికి పనికిరాదని కొట్టేశావు. నువ్వు మరిచిపోయావు. మేమిద్దరం మరిచిపోలేదు.

కథ ఎవరిదని పోశాలు అడిగాడు. బిడ్డకు అన్నం తినిపిస్తూ ఒకాయన చెప్పాడన్నాను గానీ నీ పేరు కావాలనే చెప్పలేదు. పుస్తకాలు రాసే యుగేందర్ వేరు, ఆ కథ చెప్పినాయన వేరు అనిపించింది. నీకు మొన్న పుట్టింది ఈర్ష్య. నాకైతే మొదటి పుస్తకం అచ్చయిన రోజు నుంచీ ఉంది. ఆ తర్వాత పిల్ల ఎప్పుడు కథ అడిగినా, "పుస్తకం ఉంది కదా, చదువుకో" అన్నావు. అది చదివింది కూడా. ఆ మాట కోసం వెనకకూ ముందుకూ తిప్పి, "అమ్మా, బాపు చెప్పింది దీంట్ల లేదేంది?" అని నన్ను అడిగింది. నిన్ను అడగలేదు. ఆ కాగితాల మీద నాకెంత కోపమో నీకెప్పుడూ చెప్పలేదు.

ముసలమ్మ కళ్లు తుడుచుకున్నది నీ మాటకే. ఆ అన్నం తినిపించిన మనిషిని తలుచుకుంటే నాకూ కుళ్లుగానే ఉంటుంది, అంత బాగుండేవాడు. ఈమధ్య కనబడడం లేదు.

పోస్టులో ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం జనగామ బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను. హర్షిణి రేపు బుధవారం హాస్టల్ నుంచి ఇక్కడికి వస్తుంది. ఇంటర్ చదువుతున్నా ఇప్పటికీ సగం అన్నం కంచంలోనే వదిలేస్తుంది. రాక్షసుణ్ణి చంపేదుంటే గురువారం చంపుకో. బుధవారం ఒక్క పూట వచ్చి, దానికి కడుపునిండా తినిపించి పో.

శ్రీలత