సమ్మెటా ఉంగరమూ

డేటన్, ఒహైయో

డారెల్‌కు,

గొంతు పెంచడం కాన్వెంటు సిస్టర్లు నాకు నేర్పలేదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

వెర్నా అత్తయ్య 1950ల్లో కట్టించి నాకిచ్చిపోయిన ఈ చిన్న ఇంటికి, పెళ్లిలోగా ఒక గది చేర్చాలనే కదా మనం అనుకున్నది. శనివారం నువ్వు నలుగురు స్నేహితుల్నీ బీరు పెట్టెల్నీ వెంటబెట్టుకొచ్చి, "ముందు ఈ వంటింటి గోడ కూల్చేద్దాంరా!" అన్నావు. పైదూలాలు ఆ గోడ మీదే ఆనుకున్నాయని రెండుసార్లు చెప్పాను.

"నువ్వెళ్లి పుస్తకం చదువుకో అమ్మడూ, ఇది మగాళ్ల పని" అన్నావు. అందరూ నవ్వారు. సమ్మెటతో మొదటి దెబ్బ వేస్తూ ఫోటో కూడా తీయించుకున్నావు.

సాయంత్రానికి కప్పు బెత్తెడు కుంగింది. నీ స్నేహితులు మిగిలిన బీరు మాత్రం మరిచిపోకుండా పట్టుకుపోయారు. "పాత కొంప, ఎప్పటికైనా కూలేదే" అంటూ నువ్వూ వాళ్ల వెనకే జారుకున్నావు.

ఇప్పుడు హాలు మధ్య మూడు ఇనుప స్తంభాలు కప్పును మోస్తున్నాయి. అవి గొప్పలు చెప్పుకోవు, నన్ను చదువుకోనిస్తాయి. గోడ మళ్లీ కట్టిస్తున్నాను. కొత్త గదీ కట్టిస్తాను, ఒక్కరికి సరిపడేంత.

నీ సమ్మెట వరండాలో ఉంది. దాని పిడికి నువ్వు నాకు తొడిగిన ఉంగరం దారంతో కట్టాను. రెండూ తీసుకెళ్లు. తలుపు కొట్టనక్కర్లేదు.

ఇట్లు,
ఈ ఇంటి యజమానురాలు