చింతపండుతో తోమిన కంచు గిన్నె

ఇందుకూరుపేట,
శుక్రవారం.

చెల్లెలు వాణికి, మేమంతా కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

రొయ్యల గుంట తవ్వినప్పుడు దొరికిన కంచు గిన్నెను చూడటానికి నిన్న మ్యూజియం నుంచి వినీల అనే అమ్మాయి వచ్చింది. కాలం, ఆకారం, వాడుక అని మూడు గళ్ళున్న కాగితం తీసింది. గిన్నె మెరుపు చూసి ముఖం వాడిపోయింది.

"తోమినారా పెద్దమ్మా?"

"దేవుడి ముందు పెట్టేదాన్ని తోమకుండా ఎట్లమ్మా? చింతపండేసి తోమినాను."

పచ్చటి చిలుములోనే దాని వయసు ఆనవాళ్ళు ఉండేవట. కాలం గడి ఖాళీగా వదిలేసింది. "ఇంకేమైనా దొరికినాయా?" అని అడిగితే, గిన్నెతో పాటు దొరికితే నీకిచ్చిన చిన్న గంట గుర్తొచ్చి కూడా, సిగ్గుతో లేదన్నాను. పూజగదిలో నిలబడి అబద్ధమాడాను వాణీ. ఈ పొద్దు దీపం పెట్టడానికి చేయి రాలేదు.

గంటను ఇంకా తోమకపోతే గుడ్డతో కూడా తుడవకు. మట్టితోనే మూటకట్టి మీ ఆయన చేత పంపు. ఆయనకు దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు.

తోమేసి ఉన్నా పంపు. తోమమని చెప్పింది నేనేనని ఆ అమ్మాయితో చెప్తాను.

మీ అక్క,
వెంకటశేషమ్మ