హారన్ లేని ఫోర్క్‌లిఫ్ట్

గోడౌను మేనేజరు గారి సముఖమునకు,
ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: బండికి తీసివేసిన హారన్‌ను తిరిగి బిగించుట మరియు దిగువ సంతకందారుని గొంతు గురించి.

నమస్కరించి మనవి చేయునది ఏమనగా, పగిలిన వాల్ పుట్టీ బస్తాలకు సంజాయిషీ కోరుతూ తాము పంపిన మెమో అందినది. నా సంజాయిషీ ఈ క్రింది విధముగా ఉన్నది.

1. మేడ మీద మీటింగులకు భంగము కలుగుచున్నదని బండి హారన్ తీసివేయించినారు. వైరు కత్తిరించిన ఎలక్ట్రీషియను "పైనుంచి వచ్చిన మాటన్నా, నన్నేం చేయమంటావ్?" అన్నాడు. అతని తప్పు లేదు. ఇకమీదట నోటితో హెచ్చరించవలెనని సూపర్‌వైజరు గారు సెలవిచ్చినారు. నాటి నుండి ప్రతి మలుపులో "జరగండి, జరగండి" అని అరచుచున్నాను.

2. అరచి అరచి గొంతు పోయినది. కొన్నాళ్లు మాట్లాడవద్దని డాక్టరు గారన్నారు. నోరు మూసుకుంటే బండి నడవదు, బండి నడవకపోతే ఇల్లు నడవదు. మొన్న అన్నం తింటూ కూడా "జరగండి" అన్నానట. "ఉన్నవే రెండు గదులు, ఎక్కడికి జరగమంటావయ్యా?" అన్నది నా భార్య.

3. మలుపు దగ్గర అద్దము పెట్టించమని, నడిచేవారి కోసం వేసిన పసుపు గీత చెరిగిపోయినది కనుక మళ్లీ వేయించమని అడిగితిని. చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

4. మెమోలో బస్తాల సంగతి ఉన్నది గాని మనిషి సంగతి లేదు. గోడౌను ఊడ్చే ఆవిడను మేమందరమూ పిన్ని అంటాము. ఆమెకు వినికిడి తక్కువ. హారన్ మోత వినపడేది, మనిషి కేక వినపడదు. ఆ రోజు బస్తాలతో మలుపు తిరగగానే ఆమె ఎదురుగా వంగి ఊడ్చుచున్నది. అరిచాను. తల ఎత్తలేదు. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. బండి ఆగింది గాని పై వరుస బస్తాలు ఆగలేదు. జారి ఆమె పాదాల ముందు పడి పగిలాయి. తెల్లటి దుమ్ములో మనిషి కనపడలేదు. దిగి పరుగెత్తితే నేల మీద కూలబడి, తల నుండి కాలి దాకా తెల్లగా, కళ్లు మాత్రం తెరచి ఉన్నది.

"ఒక్క కేకైనా వేయలేదేం నాయనా?" అన్నది.

అయ్యా, ఆ ప్రశ్నకు నా వద్ద సంజాయిషీ లేదు. మోకాలు వాచినది తప్ప ఆమెకు మరే అపాయము కలగలేదు. అది నా నైపుణ్యము కాదు, ఆమె ఆయుష్షు.

5. కావున బండి తాళంచెవిని ఈ అర్జీకి జతపరచడమైనది. హారన్ బిగించిన నాడు కబురు పంపితే వస్తాను. అంతవరకు బస్తాలు చేతులతో మోయమన్నా మోస్తాను. బండి మాత్రం ఎక్కను.

ఇంతకు మించి అరవలేను. దయతో చదివి చిత్తమునకు తెచ్చుకొనవలెను.

తమ విధేయుడు,
ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు

తా.క.: అయ్యగారూ, నేను ఈయన భార్యను. ఈయన స్నానానికి వెళ్లాడు, ఈలోపు రాస్తున్నా. తాళంచెవి ఇచ్చేస్తున్నట్టు నాతో చెప్పనేలేదు. చూడగానే ఈ కాగితం చింపేద్దామనుకున్నా. మాకూ రోజులు గడవాలి కదండీ. కానీ నిన్న పిన్ని కుంటుకుంటూ మా ఇంటికొచ్చింది. ఆవిడకు వినపడదు, ఈయన మాట్లాడకూడదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీ తాగారు, అంతే. అది చూశాక చింపబుద్ధి కాలేదు. ఉద్యోగం మాత్రం తీసేయకండి. హారన్ పెట్టేదాకా ఆ తాళంచెవి ఇంకెవరి చేతికీ ఇవ్వకండి.