విజయగారికి ఒడిబియ్యం

సెప్టెంబర్ 20
తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సులు ఆగిపోయాయి. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీ బట్టలు ఉతికి మడతపెట్టాను. మళ్లీ ఎప్పుడు తొడుక్కుంటారో. తెల్ల చొక్కా వేసుకుని డిపో ముందు టెంటు కింద కూర్చోవడానికి వెళ్లారు.
ఓపెన్ టెన్త్ లెక్కల పరీక్ష అక్టోబర్ పద్నాలుగున. మిగతావన్నీ పోయిన ఏడాదే పాసయ్యాను. లెక్కలే రెండుసార్లు పోయాయి. ఇది మూడోసారి. నలభై నాలుగేళ్లు. నాలుగోసారి కూర్చునే ఓపిక నాకు లేదు.

సెప్టెంబర్ 22
ఊరి నుంచి జీపులో ఐదుగురు దిగారు. నల్గొండ వైపు నుంచి ఎవరొచ్చినా ముందు తగిలేది మా ఇల్లే. ధర్నాకైనా, దవాఖానకైనా — చాయ ఇక్కడే, అన్నం ఇక్కడే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు నా చదువు వేళ. అత్తమ్మ వాళ్లకు ఏం చెప్పారో తరువాత తెలిసింది: కోడలు మౌనవ్రతం పట్టింది, పలకరించొద్దు. మోకాళ్లు పట్టుకుంటూ తనే వండి వడ్డించారు. లోపలి గదిలో నేను, వర్గ సమీకరణాలు.
ఊరి పెద్దమ్మ ఒకామె తలుపు సందులోంచి నాకు దండం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సెప్టెంబర్ 23
కరెంటు లేదు. పై పోర్షన్ విజయగారు దిగివచ్చి వెలుతురు కోసం మెట్ల మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పారు. పెళ్లికి ముందు తెనాలిలో ట్యూషన్లు చెప్పేవారట. ఫీజు మాట ఎత్తితే కోపం. లెక్క మొదలుపెట్టే ముందు మొత్తం చదవమంటారు. "చంపాపేట మార్కెట్టంతా ఒక చుట్టు తిరిగితే గాని మీరు వంకాయ కొనరు కదండీ. లెక్క దగ్గర మాత్రం ఏమిటా తొందర?"
రెండు లెక్కలు సొంతంగా చేశాను.

సెప్టెంబర్ 25
మరిది యాదగిరి వచ్చాడు. రాస్తారోకో నుంచి నేరుగా... గొంతు పోయింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద నా పుస్తకాలు చూశాడు. ఎవరు చెబుతున్నారని అడిగితే చెప్పాను.
"లెక్కలు జెప్పనీకె మనోళ్లెవ్వరు దొర్కలేదా వదినె? ఆంధ్రోళ్ల కాళ్లే పట్టాల్నా?"
గుమ్మంలో విజయగారు. చేతిలో పులిహోర గిన్నె. అరుగు మీద పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 26
రాలేదు. పైకి వెళ్లాను. తలనొప్పి అన్నారు. తలుపు సగమే తెరిచారు.

సెప్టెంబర్ 27
పెత్రమాస అమావాస్య. పెద్దలకు బియ్యం ఇవ్వడానికి యాదగిరి మళ్లీ వచ్చాడు. అత్తమ్మ అతణ్ని తిననిచ్చారు. చెయ్యి కడుక్కున్నాక కూర్చోబెట్టారు.
"యాదిగా, నీ వదినె తొమ్మిదో తరగతి సదువుతుంటె బడి మాన్పిచ్చి తెచ్చుకున్నదెవరు? నేను. ఏ ఆంధ్రోళ్లు గాదు. మళ్ల పుస్తకం పట్టిచ్చింది ఆమె."
అతను విజయగారిని అనలేదట. మాట వరసకు అన్నాడట.
"నువ్వు ఎవర్నన్నా గాని. ఇన్నది ఆమె."
నా బడి మాన్పించిన మాట ఈ ఇంట్లో నేను ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నడూ వినలేదు. గిన్నెలు తోముతూ నిలబడిపోయాను. అత్తమ్మకు ఆ సంగతి గుర్తుందని కూడా అనుకోలేదు.

సెప్టెంబర్ 30
ఒక్కదాన్నే చేశాను. ఆరింట్లో నాలుగు తప్పు.
విజయగారి భర్త పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ సమ్మెతో మూతపడి ఉంది. ఆయన్ని విజయవాడ బ్రాంచికి పంపుతున్నారట. ఇల్లు ఖాళీ చేస్తారు. తొమ్మిదిన లారీ. ఈ కబురు పాలబ్బాయి నోట వినాల్సి వచ్చింది.

అక్టోబర్ 2
ఆమెకు ఏమిచ్చి పంపాలి? చీర అనుకున్నాను. అత్తమ్మ వద్దన్నారు. ఒడిబియ్యం పోద్దామన్నారు. అది పుట్టింటి వాళ్లు తమ ఆడబిడ్డకు పోసేది కదా అన్నాను.
"తెనాలి దూరమున్నది. గీడ మనమే."
ఇద్దరం పైకి వెళ్లి అడిగాం. విజయగారు తలుపు పట్టుకునే నిలబడ్డారు. తమకు ఈ ఆచారం లేదన్నారు, ఏం చెయ్యాలో తెలియదన్నారు. అత్తమ్మ, ఒడి పడితే చాలన్నారు.
వస్తారో రారో చెప్పలేదు. నేను లేస్తుంటే మాత్రం — "పుస్తకం తెచ్చుకోండి. పరీక్ష పన్నెండు రోజులే ఉంది. మీరే పైకి రండి, నేను దిగలేను."
వెళ్లాను. పండుగ రోజు కూడా రమ్మన్నారు.

అక్టోబర్ 7
వచ్చారు. పట్టుచీర కట్టుకుని, మెట్లు దిగి వచ్చారు.
పీట వేశాం. పసుపు, నెయ్యి పట్టించిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకచెక్కలు, రవికె గుడ్డ. అత్తమ్మ ముత్తైదువ కాదు కనుక గోడ పక్కన కూర్చుని చెబుతున్నారు. తోడబుట్టినవాడి చెయ్యి ముందు పడాలని యాదగిరిని పిలిపించారు. అతను దోసిట్లో బియ్యం పట్టుకుని ఆగిపోయాడు.
"అక్కా..." అన్నాడు.
విజయగారు తల ఎత్తలేదు. ఒడి మాత్రం ఇంకాస్త ముందుకు చాపారు.
యాదగిరి పోశాక మా ఆయనా నేనూ పోశాం.

అక్టోబర్ 9
లారీ వచ్చింది. సామాను ఎక్కించాక విజయగారు గుప్పెడు పసుపు బియ్యంతో దిగివచ్చి నా తల మీద చల్లారు. "పరీక్ష రోజు నేను ఉండను కదా... అక్షింతలు." పసుపు బియ్యమంటే వాళ్లకు అక్షింతలే. మేం పోసిన ఒడిబియ్యం దేవుడి దగ్గర ఇత్తడి పాత్రలో పెట్టుకున్నారట.
అత్తమ్మ ఉలిక్కిపడ్డారు. "అవి జల్లేటియి గాదు బిడ్డా. అత్తగారింట్ల వండి పదిమందికి పెట్టాలె. మా పుట్టింటోళ్లు పోసిన్రని చెప్పాలె."
విజయగారి ముఖం చిన్నబోయింది. అత్తమ్మ నన్ను కూర్చోబెట్టి జుట్టులోంచి ఒక్కో గింజా ఏరి విజయగారి కొంగులో వేశారు.
పొద్దుటి నుంచి ఎన్నో అనుకున్నాను ఆమెతో చెప్పాలని. "అన్నం తిని బయల్దేరండి" అన్నాను.

అక్టోబర్ 14
యాదగిరి బండి మీద వెళ్లాను. హ్యాండిల్‌కు జెండా కట్టి ఉంది. చౌరస్తాలో రాస్తారోకో వాళ్లు ఆపారు. "మా వదినె పరీక్షకు పోతుంది, జర తొవ్వ ఇయ్యిండ్రి" అన్నాడు. ఇచ్చారు.
రెండున్నర గంటలు. పేపర్ మొత్తం చదివాకే మొదలుపెట్టాను. చివరి లెక్క ముగించేసరికి బెల్లు.
బయటికి వస్తే గేటు ముందు ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు. టెంటుకు వెళ్లలేదా అని అడిగాను. "నువ్వు ఎట్ల రాసినవో జెప్పు ముందు" అన్నాడు.

అక్టోబర్ 16
విజయవాడ నుంచి ఫోన్. విజయగారు ఒడిబియ్యం వండారట. పరమాన్నం కూడా చేశారట. పేపర్ గురించి అడిగారు, తెలిసినంత చెప్పాను.
"మా అత్తగారు అడిగారండీ, ఎవరు పోశారని. హైదరాబాదులో వాళ్లన్నాను. ఎవరో చెప్పలేదు. ఇక్కడా మీ తెలంగాణ వాళ్ల మాటెత్తితే ఊరుకోని వాళ్లున్నారు."
ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను, మళ్లీ ఆమే అన్నారు.
"మీరు పాసవ్వండి. అప్పుడు చెబుతాను. నా స్టూడెంటు వాళ్లింట్లో పోశారని."
ఏమన్నారని అత్తమ్మ అడిగారు. అందరూ తిన్నారట అని చెప్పాను.
ఫలితాలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. చివరి లెక్కలో మైనస్ వేశానా, లేదా... ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.