మసికి గడ్డిపెట్టె

జనవరి 9, మధ్యాహ్నం

చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ మీ బావ, పిల్లలు, బైండింగ్ షాపు, నా నడుంనొప్పి అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

ఈ ఏడు చలి ఎముకలు కొరికేస్తోంది. పొద్దున్నే డబ్బా మూత తీస్తే జిగురు గడ్డకట్టి ఉంటోంది. పోయిన నెల నీ మసి వెనక సందులో కనబడింది. బొమికల మీద తోలు కప్పినట్టుంది. మనిషి అలికిడి పడని పిల్లి కదా, నన్ను చూడగానే గోడెక్కేసింది.

పిల్లులంటే పడని మా అక్కేనా అని నవ్వుకుంటావేమో, అట్టపెట్టెలో పాత శాలువా పరిచి సందులో పెట్టాను. రెండో రోజుకే మంచుకి తడిసి ముద్దయింది. వాచ్‌మన్ తాత చూసి, గుడ్డ చెమ్మ పీలుస్తుందమ్మా, ఎండుగడ్డి వెయ్యి అన్నాడు. చేపల మార్కెట్ నుంచి మూతున్న థర్మోకోల్ పెట్టె కూడా తెచ్చాడు. నేను వాసన పోవాలని తెగ తోముతుంటే, కాస్త ఉండనీ, దానికి అదే అత్తరు అన్నాడు. అట్టలు కోసే కత్తితో పక్కన జానెడు కన్నం కోశాను. పెద్దదైతే గాలీ, కుక్కలూ దూరతాయట. ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, కన్నం గోడవైపు తిప్పాం.

వారం దాటినా దాని జాడ లేదు. గంటకోసారి వెళ్ళి తొంగిచూస్తుంటే తాత కసిరాడు. నువ్విలా కాపలా కాస్తే అది ఛస్తే రాదు, తిండి పెట్టి నీ పని చూసుకో అన్నాడు. అలాగే లోపల కూర్చుని పుస్తకాలు కుట్టుకున్నాను. చెవులు మాత్రం సందులోనే.

పన్నెండో రోజు పొద్దున గిన్నె ఖాళీ. గడ్డి మధ్య గుండ్రంగా గుంట. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. అక్కడే గొంతుక్కూర్చుని ఏడ్చాను. నిన్నయితే నేనుండగానే తల బయటపెట్టి బుస్సుమంది. పారిపోలేదు. నాకది చాలు.

ఒళ్ళు జాగ్రత్త.

నీ
అక్క

తా.క.: అసలు సంగతి రాయకుండా కవరు అంటించలేకపోయాను. పోయిన చలికాలం మసి పిల్లలు మూడూ స్టోరు గదిలో చచ్చిపోయినప్పుడు, కిటికీ మూసింది తాతేనని నువ్వు ఆయన్ని నానా మాటలూ అన్నావు. ఊరెళ్ళేటప్పుడు ఆయన మొహం కూడా చూడలేదు. మూసింది నేనే. కాగితం చెమ్మెక్కుతోందని శనివారం సాయంత్రం గొళ్ళెం పెట్టాను. మసి బయట అద్దం గీరుతుంటే అదిలించాను కూడా. లోపల పిల్లలున్నాయని సోమవారం తలుపు తీసేదాకా తెలీదు. తెలిశాకా నోరు విప్పలేదు. నేను గొళ్ళెం పెట్టడం తాత చూశాడు. నువ్వు తిడుతున్నంతసేపూ తలొంచుకు నిలబడ్డాడే గానీ నా మాట ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదని మొన్న అడిగితే, మీరు ఒక తల్లి పిల్లలు, నేను గేటు దగ్గరవాణ్ణి, నాలుగు మాటలు పడితే పోయేదేముంది అన్నాడు.

నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు ఆయనకో ఉత్తరం రాయి. ఆయనకి చదవడం రాదు, నేనే చదివి వినిపించాలి. అందులో నన్నేమన్నా సరే, ఒక్క అక్షరం దాటెయ్యకుండా చదువుతాను.