గొర్రెలు కాసే జాతి కుక్కపిల్ల

తమ్ముడికి అక్క దీవించి రాయించేది. అందరం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

మనవరాలికి కుక్కపిల్ల కొందామని వెళ్ళాం. కోడలు చిన్న జాతి పిల్లను చూపించి, "మన రెండు గదులకి ఇది చాలు అత్తయ్యా" అంది. "ఇది కుక్కా, ఎలుకా?" అని పదిమందిలో దాన్ని ఎగతాళి చేశాను. దూడను ఎంచినట్టు ఒక్కోదాని నోరు తెరిచి, కాళ్ళ ఎముకలు పట్టి చూసి, అన్నిటికంటే బలమైన పిల్లను ఎంచాను. అది గొర్రెలు కాసే జాతి, రోజంతా పరుగెత్తాలని అమ్మేవాడు మొత్తుకున్నాడు. "నాకా చెప్పేది?" అని వాడి నోరు మూయించాను.

ఇప్పుడది గొర్రెలు లేక మమ్మల్నే తోలుతోంది. మనవరాలి స్నేహితులు వస్తే మడమలు పట్టి మూలకు చేరుస్తోంది. పొద్దున్నే దాన్ని తిప్పడానికి వెళ్ళి కోడలు మోకాళ్ళు చెక్కుకుని వస్తోంది. నన్ను పల్లెత్తు మాట అనదు. అన్నా బాగుండును, తల ఎత్తుకునేదాన్ని.

నీ మందకు కుక్క కావాలన్నావుగా, వచ్చి తీసుకుపో. నీ దగ్గు తగ్గిందా? మరదలు మందు సరిగా ఇస్తోందా? నేను తీసుకుపొమ్మన్నట్టు కాకుండా, ఈ కుక్కను నువ్వే అడిగినట్టు జవాబు రాయి. ఈ కార్డంటే కింది వాటా టైలరు చేత రాయిస్తున్నాను గానీ, నీ జవాబు నాకు చదివి వినిపించేది కోడలే.

వద్దులే. అక్క తప్పుచేసి బతిమాలిందనే రాయి. కోడలు చదువుతుంటే ఎదురుగా కూర్చుని వింటాను.

నువ్వూ, నీ ఇల్లూ, నీ మందా చల్లగా ఉండాలి.